నచ్చనివాడికి సంజాయిషీ ఎందుకు?

బోధన్‌ను ఒకప్పుడు ఏకచక్రపురం అనేవాళ్లని ఊరి పెద్దలు చెప్తారు. లక్క ఇంటి నుంచి బయటపడ్డ పాండవులు మారువేషాల్లో తలదాచుకున్నది ఇక్కడేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఈ పొలిమేరలోనేననీ నమ్మకం. అందులో చరిత్ర ఎంత, నమ్మకం ఎంత అన్నది వేరే సంగతి. నేరం గురించి కథ ఎలా చెప్పాలో నేర్చుకోవాలంటే మాత్రం ఆ ఘట్టం ఒక్కటి చదివితే చాలు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకుపోయే మనిషి. ఇంటింటికీ వంతు. ఇంత చెప్పాక భారతం బకుడి గుహలో మకాం పెట్టదు. వంతు వచ్చిన బ్రాహ్మణుడి ఇంట్లో కూర్చుంటుంది. నేను పోతానని తండ్రి, కాదు నేనని తల్లి, నన్ను పంపండని కూతురు. ఇంకా మాటలు సరిగా రాని పిల్లాడు గడ్డిపోచ ఒకటి పట్టుకొని దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. బకుడు ఎలా చచ్చాడో మరిచిపోయినా ఆ గడ్డిపోచను మరిచిపోలేం.

క్రైమ్ సినిమాలో కథను భుజాన వేసుకునేవాడు మనకు బొత్తిగా నచ్చనివాడైతే సినిమాకు మేలా, కీడా? పుష్ప, యానిమల్ వచ్చాక ఈ ప్రశ్న నిజామాబాద్ చాయ్ హోటళ్లలోనూ వినిపించింది, 2023 డిసెంబరులో రాజ్యసభలోనూ వినిపించింది. ఒక పక్షం వాళ్లు అలాంటి హీరోల వల్లే సినిమాకు నిజాయితీ వస్తుందంటారు. రెండో పక్షం వాళ్లు పిల్లలు చెడిపోతున్నారంటారు. నాకు రెండూ సగం సగం మాటలే అనిపిస్తాయి. ఎందుకంటే తెలుగు తెర మీద నిజంగా నచ్చని కథానాయకుణ్ణి మనం చూసింది చాలా తక్కువ. చెడ్డ పనులు చేసే మంచివాణ్ణే మనం యాంటీహీరో అని పిలుచుకుంటున్నాం. పరిశ్రమ భాషలో దానికి ‘నెగటివ్ షేడ్స్’ అని ముద్దుపేరు. నీడ ఉంటుంది, నీడ వేసే మనిషి మాత్రం పసిడి ముద్ద.

నిజానికి దుష్టుణ్ణి చూసి మురిసిపోవడం మనకు కొత్త కాదు. 1951 నాటి పాతాళభైరవిని తలచుకుంటే తోటరాముడి కన్నా ముందు నేపాళ మాంత్రికుడే గుర్తొస్తాడు. నర్తనశాల (1963)లో కీచకుడి వేషానికి ఎస్వీ రంగారావు జకార్తా చిత్రోత్సవంలో బహుమతి తెచ్చుకున్నారు. రాముడిగా, కృష్ణుడిగా ఇంటింటా పటమై వేలాడిన ఎన్టీఆర్ తన సొంత దర్శకత్వంలో సీతారామకల్యాణం (1961) తీసినప్పుడు రావణుడి వేషమే కట్టుకున్నారు. దానవీరశూరకర్ణ (1977)లో కర్ణుడూ, కృష్ణుడూ తానే అయినా జనం నోళ్లలో నిలిచింది ఆయన దుర్యోధనుడే. బోధన్ పక్కన అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ లాంటి వాళ్లు బతికించిన చిందు భాగవతాన్ని చూసినవాళ్లకూ ఈ రుచి తెలుసు. ప్రహ్లాదుడి కథ ఆడితే హిరణ్యకశిపుడు ఎప్పుడొస్తాడా అనే చూస్తారు.

అయితే ఆ మురిపెంలో ఒక భద్రత ఉంది. దుర్యోధనుడి తొడ విరుగుతుందని టికెట్ కొనేముందే తెలుసు. స్తంభం పగులుతుందనీ తెలుసు. లెక్క ఎప్పుడో తేలిపోయింది కాబట్టి ఆ మూడు గంటలూ వాడి ఠీవిని నిశ్చింతగా ఆస్వాదించవచ్చు. క్రైమ్ సినిమాకు ఆ వెసులుబాటు లేదు. దాని లెక్క అదే తేల్చుకోవాలి. మన రచయితలకు చిక్కు వచ్చేది అక్కడే.

చిక్కు తప్పించుకునే దారి మాత్రం వాళ్లు తొందరగానే కనిపెట్టారు. 1955లో అన్నపూర్ణా వారి తొలి చిత్రం దొంగరాముడు. కె.వి.రెడ్డి దర్శకుడు, అక్కినేని దొంగ. ఎందుకు దొంగ? జబ్బుతో ఉన్న తల్లికి మందు కొనడానికి. ఆ మందు సీసా అప్పటి నుంచి తెలుగు సినిమా చేయి వదల్లేదు. సీసా మారింది, మందు మారలేదు: చెల్లెలి పెళ్లి, నాన్న అవమానం, చిన్నప్పటి ఆకలి, కళ్ల ముందే జరిగిన హత్య. దొంగరాముడి మీద నాకు ఫిర్యాదు లేదు, అది చాలా పకడ్బందీగా అల్లిన కథ. ఫిర్యాదంతా ఆ సీసాను అరువు తెచ్చుకున్నవాళ్ల మీదే.

రాంగోపాల్ వర్మ దగ్గర కొంతకాలం ఈ అరువు బేరం కుదరలేదు. శివ (1989)లో హీరో చేతికి సైకిల్ చైను వచ్చిందని అందరూ చెప్తారు గానీ, రఘువరన్ భవాని గొంతు పెంచకుండా మనిషిని వణికించడం అంతకన్నా కొత్త. అంతం (1992)లో నాగార్జున కిరాయి హంతకుడు. ప్రేమ కథ ఉంది, పాటలున్నాయి, అయినా వాడి వృత్తికి సినిమా క్షమాభిక్ష పెట్టలేదు. శివను నెత్తిన పెట్టుకున్న ప్రేక్షకులు అంతాన్ని అంతగా ఆదరించలేదు. ఆ పాఠాన్ని పరిశ్రమ బాగా ఒంటబట్టించుకుంది.

ఎంత బాగా అంటే, 2005లో వచ్చిన అతడును చూడండి. మహేశ్‌బాబు వేసిన నందు వృత్తి డబ్బు తీసుకొని మనుషుల్ని చంపడం. కానీ కథను నడిపించే హత్య మాత్రం అతను చేయలేదు. సానుభూతి కోసం తన మీద తానే కాల్పులు జరిపించుకోబోయిన నాయకుణ్ణి మరెవరో చంపేశారు, నింద ఇతని నెత్తిన పడింది. త్రివిక్రమ్ పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. కిరాయి హంతకుణ్ణి ఆ హత్యలో నిరపరాధిని చేశాడు, పల్లెటూరి పెద్దింట్లో మనవడి స్థానంలో కూర్చోబెట్టాడు, చూస్తున్నంతసేపూ వాడి వృత్తి మనకు గుర్తే రానివ్వలేదు. టీవీలో ఎన్నిసార్లు వేసినా కూర్చొని చూస్తాను. చూసిన ప్రతిసారీ ఒక సందేహం మాత్రం మిగిలిపోతుంది: ఈ సినిమాకు ముందు నందు చంపినవాళ్ల ఇళ్లు ఎక్కడ?

మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పోకిరి. డబ్బిచ్చే ముఠాకు పనిచేసే పండు, చివరికొచ్చేసరికి కృష్ణమనోహర్ ఐపీఎస్. మనం ఈలలు వేసింది జీతం, పెన్షన్ ఉన్న రౌడీకి అన్నమాట. ఆ మలుపు దగ్గర థియేటర్లు ఊగిపోయాయి, కాదనను. కానీ ఆ ఒక్క మలుపుతో అంతకుముందు నడిచిన కథంతటి మీదా తడిగుడ్డ పడింది. వాడు చేసిన హత్యలన్నీ ప్రభుత్వ ఖాతాలోకి పోయాయి. పోకిరి తీసిన పూరి జగన్నాథే బిజినెస్‌మేన్ (2012)లో ముంబైని ఏలడానికి బయల్దేరిన సూర్య చేత ఎవరూ అనని మాటలు అనిపించాడు. చివరికి ఆ నోటికీ అమ్మానాన్నల హత్య అనే సంజాయిషీ తగిలించాడు. వక్కంతం వంశీ కథతో ఆయనే తీసిన టెంపర్ (2015) వీటన్నిటికన్నా మేలు. లంచగొండి ఎస్సై దయ కోర్టులో నిలబడి తన మీదే నేరం వేసుకుంటాడు. ఆ సీను నాటకీయమే, అయినా లెక్క తేల్చాలన్న తపన అందులో ఉంది.

ఇదంతా రచయితల పిరికితనం అని తీర్పు చెప్పేయడం సులువు. నిజామాబాద్‌లో కూర్చొని ఆ మాట అనడం కష్టం, ఎందుకంటే సినిమాలో డబ్బు ఎలా తిరుగుతుందో ఈ ఊరికి తెలుసు. వ్యాపారం భాషలో తెలంగాణకు ఇప్పటికీ ‘నైజాం’ అనే పేరు. ఆ నైజాం పంపిణీలో చక్రం తిప్పిన దిల్ రాజు ఈ జిల్లా నర్సింగ్‌పల్లి మనిషి. ఆయన్ను నిర్మాతను చేసి, పేరు ముందు తగులుకున్న దిల్ (2003) సినిమా హీరో నితిన్‌ది కూడా నిజామాబాద్ మూలాలున్న డిస్ట్రిబ్యూటర్ కుటుంబమే. డిస్ట్రిబ్యూటర్ కొనేది కథను కాదు, మొదటి మూడు రోజుల్ని. ఆ మూడు రోజులూ వచ్చేది అభిమానులు. వాళ్లు దండలు వేసి, పాలు పోసి లోపలికి పోయినాక హీరో నిష్కారణంగా ఒక అమాయకుణ్ణి చంపితే సోమవారానికి హాలు ఖాళీ. అందుకే ఫ్లాష్‌బ్యాక్ అనే బీమా. ప్రీమియం కథ కడుతుంది.

దిల్ రాజు నిర్మించిన క్రైమ్ సినిమాల్లో ఇందుకు చక్కటి నమూనా ‘వి’. నానికి అది 25వ చిత్రం, ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకుడు. థియేటర్లు మూతపడ్డ కాలంలో, 2020 సెప్టెంబరు 5న, నేరుగా అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైంది. మొదట్లో నాని పోలీసుకు పొడుపుకథలు వదులుతూ, నవ్వుతూ, దాదాపు వేడుకగా మనుషుల్ని చంపుతాడు. వాణ్ణి చూస్తే చిరాకూ పుట్టింది, కుతూహలమూ పుట్టింది. తర్వాత ఫ్లాష్‌బ్యాక్: వాడు సైనికుడు, భార్యను పొట్టనపెట్టుకున్నవాళ్ల మీద పగ తీర్చుకుంటున్నాడు. చిరాకు పోయింది, దాంతోపాటే కుతూహలం కూడా పోయింది. మిగిలింది మనం వందసార్లు చూసిన పగ కథ. కరోనా కాలం కాబట్టి మొదటి మూడు రోజుల బెంగ కూడా తప్పిన సినిమా అది. అయినా అప్పటికే బీమా కట్టేసి ఉంది.

నితిన్ కుటుంబ సంస్థ 2021లో మాస్ట్రో తీసింది. శ్రీరామ్ రాఘవన్ హిందీ అంధాధున్ (2018)కు రీమేక్. ఇందులో హీరోకు బీమా లేదు. వాడు గుడ్డివాడిగా నటించే పియానో వాద్యకారుడు. హత్య చూశాడు, ప్రాణభయంతో చూడనట్టే ఉన్నాడు. అబద్ధం మీద అబద్ధం. అయినా సినిమా కదలనీయకుండా కూర్చోబెడుతుంది, ఎందుకంటే వాడు మంచివాడా కాదా అనే ప్రశ్న స్థానంలో ఇప్పుడేం చేస్తాడు అనే ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. మాస్ట్రో మాతృకను వెన్నంటే నడిచింది కాబట్టి దాన్ని సాహసం అనలేను గానీ, మన ఊరి హీరో ఒకరు సంజాయిషీ లేని పాత్రలో నిలబడగలిగారన్నది నిజం. ఇంకో సంగతి: అది కూడా థియేటర్‌కు రాలేదు, హాట్‌స్టార్‌లోనే వచ్చింది.

రీమేకులు ఈ ప్రశ్నకు మంచి కొలబద్ద. పాత్ర అదే ఉండి, ఊరు మారితే ఏం తీసేశారో, ఏం కలిపారో తెలిసిపోతుంది. కార్తీక్ సుబ్బరాజ్ తమిళ జిగర్తండా (2014)లో రౌడీ సేతు వేషం బాబీ సింహాది. హీరో కాదు, కాబట్టి ఎంత క్రూరుడైనా ఎవరికీ అడ్డు లేదు. ఆ పాత్రకు సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగులో అదే పాత్ర వరుణ్ తేజ్‌కు దక్కి గద్దలకొండ గణేశ్ (2019) అయింది. అసలు పేరు వాల్మీకి. అభ్యంతరాలు వచ్చి విడుదల గడియలో మార్చారు. రౌడీ హీరో అయ్యేసరికి వాడికో పాత ప్రేమకథ, ఆ ప్రేమకథకో అందమైన హీరోయిన్, ఆమెతో పాట వచ్చి చేరాయి. వరుణ్ తేజ్ బాగా చేశాడు, గడ్డంలో కళ్లు మెరిశాయి. కానీ సేతును చూసి భయపడ్డాం, గణేశ్‌ను చూసి జాలిపడ్డాం. రౌడీ దగ్గరికి సినిమా తీయాలని వెళ్లిన కుర్రాడి కథలో భయం పోతే ఇక ఏముంది?

ఈ సినిమా దగ్గర ఒక పక్క మాట చెప్పకుండా పోలేను. గణేశ్ మాట్లాడింది తెలంగాణ యాస. ఒకప్పుడు ఈ యాస తెర మీద ఎవరికి దక్కేదో మా తరానికి గుర్తుంది. ప్రతిఘటన (1985)లో కోట శ్రీనివాసరావు కాశయ్య ఈ భాషలోనే మాట్లాడి నవ్వించాడు, అసహ్యం కూడా పుట్టించాడు. కోట నటన అద్భుతం, దాని తర్వాత వరుస కట్టిన అనుకరణలే దుర్భరం. రౌడీ, దొంగ మంత్రి, తాగుబోతు పనివాడు, వీళ్లకే ఈ మాట. అంటే నిజామాబాద్ ప్రేక్షకుడు ఏళ్ల తరబడి తన ఇంటి మాటను నచ్చనివాడి నోటే విన్నాడు. ఎవరిని నచ్చనివాడిగా చూపాలన్నది కూడా ఎవరో ఒకరు తీసుకునే నిర్ణయమేనని అందరికన్నా ముందు అర్థమైంది ఇక్కడివాళ్లకే. 2017లో బాన్సువాడ నేపథ్యంగా ఫిదా వచ్చినప్పుడు ఇక్కడ పండగ చేసుకున్నది అందుకే.

ఇక యువత చెడిపోతారన్న వాదన. 1991 నాటి సెన్సార్ మార్గదర్శకాలు హింసను గొప్ప చేసి చూపొద్దంటాయి, నేరం చేసే పద్ధతిని చూపొద్దంటాయి. అమెరికాలో 1932 నాటి స్కార్‌ఫేస్‌కు అక్కడి పెద్దలు ఇది జాతికి సిగ్గు అనే అర్థం వచ్చే ఉపశీర్షిక తగిలించిగానీ వదల్లేదు. ఇలాంటి బోర్డుల మీద నాకు నమ్మకం లేదు. సిగరెట్ హెచ్చరిక చదివి మానేసినవాణ్ణి నేను చూడలేదు. నేరం చూసినందువల్ల మనిషి చెడడు, నేరం ఖరీదు ఎవరు కట్టారో చూడకపోతే చెడతాడేమో.

పుష్ప గురించి ఎక్కువసేపు మాట్లాడాల్సింది ఈ ఖరీదు విషయంలోనే. మొదటి భాగం 2021 డిసెంబరులో, రెండోది 2024 డిసెంబరులో వచ్చాయి. మొదటి దానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు సినిమాకు ఆ విభాగంలో అదే మొదటిది. ఆ ఎత్తిన భుజం, ఈడ్చే కాలు, నమిలి ఉమ్మే మాట ఒళ్లు దాచుకోకుండా చేసినవి. అవార్డు న్యాయమే. సుకుమార్‌కు పని చేసే మనుషుల్ని చూపడం వచ్చు. చెట్టు నరకడం, దుంగలు మోయడం, పాల ట్యాంకర్‌లో సరుకు దాటించడం చూస్తుంటే ఆ అడవిలో మనమూ కూలికి వచ్చినట్టుంటుంది. ఇంతవరకూ గొప్ప క్రైమ్ సినిమా.

పుష్ప కథ జరిగే అదే శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్ 7న జరిగిన ఎన్‌కౌంటర్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం నరకడానికి తమిళనాడు నుంచి వచ్చినవాళ్లని పోలీసులు చెప్పారు. ఆ సరుకులో లాభం తిన్నవాళ్లు ఆ శవాల్లో లేరు, గొడ్డలి పట్టిన చేతులే ఉన్నాయి. పుష్ప కథ మొదలయ్యేది కూడా అలాంటి కూలీగానే. కానీ వాడు సిండికేట్ మెట్లు ఎక్కేకొద్దీ మిగతా కూలీలు వెనక వరసలో చప్పట్లు కొట్టే జనం అయిపోయారు. ఇంటిపేరు ఇవ్వని తండ్రి కుటుంబం, నడిరోడ్డు మీద తల్లికి జరిగిన అవమానం వాడికి సంజాయిషీలు. ఆ అవమానం నిజమైనదే, కళ్లు చెమర్చేదే. అయితే ఆ అవమానాన్ని చూపించిన సినిమా, శ్రీవల్లి చూపుకూ ముద్దుకూ డబ్బు లెక్కగట్టిన పుష్పను మాత్రం కొంటె పిల్లాడిలా చూసింది. పుష్ప నచ్చనివాడై ఉంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. సినిమా వాడిని నచ్చించడానికి అంత తాపత్రయపడటమే ఇబ్బంది.

వరంగల్ మనిషి సందీప్ రెడ్డి వంగా హిందీలో తీసిన యానిమల్ (2023) ఆ తాపత్రయం లేనట్టు నటిస్తుంది. నాకు నచ్చని సినిమాల్లో అదొకటి. అయినా ఒకటి ఒప్పుకోవాలి. అందులో భార్య గీతాంజలి భర్తతో గొడవపడే సన్నివేశం ఉంది. అరుపులు, ఏడుపు, ఎదురు ప్రశ్నలు. ఆ కాసేపూ సినిమాకు ప్రాణం వస్తుంది. ఎదురు మాట్లాడేవాళ్లు ఒక్కరున్నా ఇలాంటి హీరో మనిషిలా కనిపిస్తాడు. ఆమె గది దాటగానే సినిమా మళ్లీ తుపాకుల మోత.

నచ్చని ఆడదాని విషయంలో మన సినిమా లెక్క ఎంత వేరుగా ఉందో కూడా చూడాలి. ఆర్‌ఎక్స్ 100 (2018)లో ఇందు పాత్రకు, ఎవరు (2019)లో సమీరకు, మాస్ట్రోలో తమన్నా పాత్రకు ఎవరూ మందు సీసా ఇవ్వలేదు. వాళ్లు స్వార్థపరులు, అంతే. విచిత్రమేమిటంటే ఆ పాత్రలు అందుకే గుర్తున్నాయి. మగవాడికి దయతో ఇచ్చిన సంజాయిషీ వాణ్ణి పలచన చేస్తే, ఆడదానికి ద్వేషంతో నిరాకరించిన సంజాయిషీ ఆమెను చిక్కన చేసింది. దీన్ని న్యాయం అనలేం.

మరి నచ్చనివాడితో మంచి సినిమా తెలుగులో రాలేదా? వచ్చింది. కృష్ణవంశీ అంతఃపురం (1998)లో ప్రకాశ్‌రాజ్ నరసింహ ఫ్యాక్షన్ పెద్ద. మనవణ్ణి తన పగకు వారసుణ్ణి చేయాలని కోడల్ని ఇంట్లో బంధిస్తాడు. దుబాయ్ పోవాలని కలలు కనే చిల్లరదొంగ సర్రాజుగా జగపతిబాబు వస్తాడు. డబ్బు కోసమే ఆమెకు సాయం చేస్తాడు. ఆ దుబాయ్ కల మా ఆర్మూర్, బాల్కొండ వైపు ప్రతి గల్లీకీ తెలిసిందే, అందుకే ఇక్కడ అతన్ని చూసి నవ్వినవాళ్లు నవ్వుతూనే ఇబ్బంది పడి ఉంటారు. ఇద్దరూ నచ్చనివాళ్లే. కానీ కెమెరా కోడలిగా వేసిన సౌందర్య భయాన్ని వదలదు. వంతు వచ్చిన ఇంట్లోనే కథ కూర్చుంది. ఆ పాత్రకు ప్రకాశ్‌రాజ్‌కు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస దక్కింది.

దేవ కట్టా ప్రస్థానం (2010) నా లెక్కలో ఇంకో మెట్టు పైన. సాయికుమార్ వేసిన లోకనాథం నాయుడు హంతకుడు, రాజకీయ నాయకుడు, పెంచిన కొడుకును ప్రేమించే తండ్రి. ఈ మూడింట్లో ఏదీ అబద్ధం కాదు. సొంత కొడుకు చేసిన ఘోరాన్ని దాచడానికి ఒక్కో మెట్టు దిగుతాడు. అతనికీ కారణాలున్నాయి, సినిమా అవన్నీ వింటుంది. విని, అయినా నువ్వు చేసింది చేశావు అంటుంది. చివర్లో తన తీర్పు తానే అమలు చేసుకుంటాడు. పెంచిన కొడుకు మిత్రగా శర్వానంద్ మొహంలో కనపడేది గెలుపు కాదు. సినిమా భారీగా ఆడలేదు. సాయికుమార్ అప్పటికి మొదటి మూడు రోజులు అమ్మే హీరో కాడు, అదే ఆ పాత్రకు రక్ష అయింది. తెలుగులో నచ్చనివాడు బాగా కుదిరిన చోటల్లా దాదాపు ఇదే సంగతి: వేషం కట్టింది ప్రకాశ్‌రాజో, సాయికుమారో, రఘువరనో.

బయటి ఊళ్లలో దీనికి ఉదాహరణలు కొల్లలు గానీ మూడు చాలు. ఫ్రిట్జ్ లాంగ్ జర్మన్ సినిమా ఎం (1931)లో పీటర్ లోరే పిల్లల్ని చంపేవాడు. నన్ను నేను ఆపుకోలేనని మొత్తుకుంటుంటే క్షణం జాలేస్తుంది, మరుక్షణం జాలిపడ్డందుకు మనమీద మనకే కోపమొస్తుంది. నైట్‌క్రాలర్ (2014)లో ప్రమాదాల దృశ్యాలు చిత్రించి టీవీకి అమ్ముకునే లూ బ్లూమ్‌కు గతమే లేదు. వాడు ఎక్కడివాడో చెప్పరు, చివర్లో శిక్షా పడదు, వ్యాపారం పెరుగుతుంది. దిలీష్ పోతన్ మలయాళ జోజి (2021)లో ఫహద్ ఫాజిల్ తండ్రి ఆస్తి కోసం ఎదురుచూసే పనికిమాలిన చిన్నకొడుకు. మాక్బెత్‌ను రబ్బరు తోటలోకి దింపిన ఆ కథలో జోజి మీద మనకు ఏ క్షణమూ ప్రేమ కలగదు. రెప్ప వేయడం మాత్రం మరిచిపోతాం. ఫహద్ అక్కడ పెద్ద తారే. అంటే తారకు ఇది చేతకాని పని కాదు, మన అంగడి ఒప్పుకోని పని.

నేరస్థుణ్ణి ఇలా చూడటం నిజామాబాద్‌కు కొత్తేమీ కాదు, సినిమాలో కాకపోయినా సాహిత్యంలో. ఇందూరు (నిజామాబాద్) ఖిల్లా మీది జైల్లో 1948లో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి ఉన్నారు. గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి గురించి ఊరంతా చెప్తుంది. ఆళ్వారుస్వామి చేసిన పని మీద అంత వెలుగు పడలేదు. ఆయన రాజకీయ ఖైదీగా పలు జైళ్లు చూసినవాడు. పక్క గదుల్లోని మామూలు ఖైదీల్ని పట్టించుకొని ‘జైలు లోపల’ పేరుతో కథలు రాశాడు. వాళ్లను వీరుల్ని చేయలేదు, రాక్షసుల్నీ చేయలేదు. పరిస్థితులు మనిషిని ఎటు తోస్తాయో చూశాడు. ఉద్యమకారుడు కాబట్టి సమాజానిదే తప్పంతా అని ముగించేయడం ఆయనకు చాలా సులువు. మందు సీసాకూ, ఈ కథలకూ ఉన్న తేడా పట్టుకున్న సినిమా రచయిత ఎవరైనా ఉంటే ఆ పుస్తకం నుంచి చాలా తీసుకోవచ్చు.

మా దగ్గర సరుకుకు కొదవ లేదు. నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండి, 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచి, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి, ముంబోజిపల్లి మూడు యూనిట్లూ మూతపడ్డాయి. కార్మికులు వీధిన పడ్డారు, చెరుకు రైతులు వరికీ, సోయాకూ మళ్లారు. ఇందులో తుపాకీ లేదు, స్లోమోషన్ నడక లేదు. సంతకాలున్నాయి. సంతకం పెట్టిన ప్రతివాడి దగ్గరా ఒక సంజాయిషీ ఉంది.

ఇంకా సూటిగా సినిమా అయ్యేది బోధన్ వాణిజ్య పన్నుల కార్యాలయం కేసు. వ్యాపారులు కట్టాల్సిన పన్నుకు నకిలీ చలాన్లు చూపి ఖజానాకు ఏళ్ల తరబడి కోట్లలో గండి కొట్టారన్న వ్యవహారం 2017లో బయటపడి సీఐడీ దాకా పోయింది. పన్నుల సలహాదారు మీదా, ఉద్యోగుల మీదా ఆరోపణలు వచ్చాయి. ఆ ఊరి కేసులో ఎవరు దోషో కోర్టులు చూసుకుంటాయి. నేను మాట్లాడుతున్నది అలాంటి నేరం తెర మీద ఎలా ఉంటుందని. లక్కీ భాస్కర్ (2024) ఇదే దారిలో బొంబాయి బ్యాంకు గుమాస్తాను తీసుకుంది. చాలా హుషారుగా తీసింది కూడా. అయితే భాస్కర్‌కు అప్పులిచ్చింది, అవమానాలిచ్చింది, ముద్దొచ్చే కొడుకునిచ్చింది. మనం వాడి పక్షాన చేరిపోయి, బ్యాంకు డబ్బు ఎవరిదో అడగడం మరిచిపోయాం. బోధన్ కథలో అలాంటి గుమాస్తా ఉంటే వాడికి అప్పులు ఉండకూడదు. ఇల్లు బాగానే గడుస్తుండాలి. పెళ్లిళ్లకు వెళ్లి కట్నాలు చదివించాలి, గణేశ్ మండపానికి చందా రాయాలి, ఆఫీసులో అందరికీ చాయ్ చెప్పాలి, ఒకే చలాను మీద నాలుగు పేర్లు ఎక్కించి సాయంత్రం నిమ్మళంగా ఇంటికి పోవాలి. అప్పుడప్పుడు కెమెరా వాణ్ణి వదిలేసి కిరాణా కొట్టు గల్లాపెట్టె వెనక్కి పోవాలి. తాను కట్టాననుకున్న పన్ను కట్టలేదని నోటీసు అందుకున్న కొట్టు యజమాని, ఆ నోటీసు చదివి వినిపించే కూతురు అక్కడ ఉండాలి.

దానికి పెద్ద హీరో దొరుకుతాడని నేను అనుకోను, మొదటి మూడు రోజులకు కొనే డిస్ట్రిబ్యూటర్ కూడా దొరకడు. ఓటీటీకి చేసుకోవచ్చు. ఆ గుమాస్తాకు ఫ్లాష్‌బ్యాక్ రాయించొద్దని నిర్మాతను ఒప్పించగలిగితే చాలు, తక్కిన కథ బోధన్ బజారులో ఎవరిని అడిగినా చెప్తారు.